క్లినిక్ మూసేస్తే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: వందనాలండీ. నేను ఆడియాలజిస్టును. విశాఖపట్నం డాబాగార్డెన్స్ దగ్గర రెండు గదుల్లో వినికిడి పరీక్షల క్లినిక్ నడుపుతున్నాను. కరోనా రోజుల్లో రావడం మానేసిన పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆన్‌లైన్లో చవకగా చెవి మిషన్లు కొనుక్కుని, సరిగా వినపడక నా దగ్గరికి తెచ్చి “కాస్త సెట్ చేసి పెట్టమ్మా” అంటున్నారు. డబ్బు అడిగితే చిన్నబుచ్చుకుంటున్నారు. అద్దె పెరిగింది. మావారి కాంట్రాక్టు పని ఆగిపోయింది. నా దగ్గర పనిచేసే అమ్మాయికి పోయిన నెల జీతం ఆలస్యంగా ఇచ్చాను. ఒక ఆసుపత్రివాళ్లు ఉద్యోగానికి పిలుస్తున్నారు, మావారు క్లినిక్ మూసేయమంటున్నారు. మా పాస్టర్ గారు యిర్మీయా 29:11 (దేవుడు మీకు మేలే తలపెట్టాడు, నిరీక్షణ ఉంది అనే వాక్యం) చదివి నిరీక్షణ కోల్పోవద్దంటున్నారు. ఈ మధ్య ఆ వాక్యం వింటే ఏడుపు వస్తోంది, ప్రార్థన రావడం లేదు. క్లినిక్ మూసేస్తే దేవుని మీద విశ్వాసం లేనట్టేనా? ఇళ్లకు వెళ్లి చూడడం, ఫోన్లో చూడడం లాంటివి చేస్తే నిలబడగలనా? ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘంలో ఉచితంగా పరీక్షలు చేస్తుంటాను. వాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడం తప్పా? – పేరు రాయవద్దు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, క్లినిక్ మూసేస్తే విశ్వాసం లేనట్టు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ భయం నెత్తిమీద ఉన్నంతకాలం మీరు అద్దె లెక్క కూడా నిదానంగా వేసుకోలేరు. మూయాలా వద్దా అన్నది వేరే సంగతి. ఇప్పుడే మూయవద్దు, అలాగని ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో నడపవద్దు అన్నది నా అభిప్రాయం.

మీ పాస్టర్ గారు చదివినది మంచి వాక్యమే. కానీ అది ఒక ఉత్తరం మధ్యలోది. బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఆ ఉత్తరాన్ని మొదటినుంచి చదవండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ముందు ఉంటుంది. త్వరలోనే అంతా చక్కబడుతుందని చెప్పే ప్రవక్తల మాట నమ్మవద్దని ఆ తర్వాత ఉంటుంది. తిరిగి రావడానికి 70 సంవత్సరాలు పడుతుందనే మాట 10వ వచనంలో వస్తుంది. ఇదంతా చెప్పాకే మీకు కంఠతా వచ్చిన 11వ వచనం. ఆ ఉత్తరం అందుకున్నవారిలో చాలామంది తిరుగుప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా అది వారికి కూడా రాసిన మాటే. మీ క్లినిక్ 2019లో ఎలా ఉండేదో మళ్లీ అలాగే అవుతుందని ఎదురుచూడమని ఆ వాక్యం మీకు చెప్పడం లేదు. ఉన్నచోట, ఉన్న పరిస్థితిలో, బతకడం మొదలుపెట్టమంటోంది.

అదే గ్రంథంలో 32వ అధ్యాయం కూడా చదవండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి వేసి ఉంది. యిర్మీయా ఖైదులో ఉన్నాడు. అటువంటి సమయంలో అనాతోతులోని పొలాన్ని కొనమంటాడు దేవుడు. ఆయన 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ముందు క్రయపత్రం రాయించాడు, అది చాలా రోజులు చెడకుండా ఉండాలని మట్టికుండలో పెట్టించాడు. బైబిలులో నిరీక్షణ అంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఈ అధ్యాయమే. తూకం ఉంది, సంతకం ఉంది, సాక్షులున్నారు. నాకు ఇంకా ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. అంతా అయ్యాక ఆయన దేవునితో, పట్టణం శత్రువుల చేతికి పోతూ ఉంటే నన్ను పొలం కొనమన్నావేమిటని అడిగాడు. సంతకం పెట్టిన చేత్తోనే సందేహాన్ని కూడా దేవుని ముందు పెట్టాడు. మీకు ప్రార్థన రావడం లేదంటే, అడగాల్సిన ఆ ప్రశ్న మీరు ఇంకా అడగలేదేమో చూసుకోండి.

మన ఊరి చరిత్రలోనూ ఇలాంటిది ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగులో రాయడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. పని తరువాత వచ్చినవారి చేతుల్లో సాగింది. ఈరోజు మీ సంఘంలో చదువుతున్న తెలుగు బైబిలు వెనుక అలా సగంలో ఆగిన చేతులున్నాయి.

ఇక డబ్బు సంగతి. ఈ వారం మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, నిరుడు క్లినిక్‌కు వచ్చిన ఆదాయాన్ని రెండు భాగాలుగా రాయండి. మిషన్లు అమ్మితే మిగిలింది ఎంత, మీ చేతిపనికి వచ్చింది ఎంత. దాదాపు అంతా మొదటి భాగంలోనే తేలుతుందని నా అనుమానం. మన వృత్తిలో చాలామంది పరీక్ష ఉచితమని బోర్డు పెట్టి, మిషన్ ధరలో దాన్ని రాబట్టుకోవడానికి అలవాటుపడ్డారు. ఆన్‌లైన్ అమ్మకాలు దెబ్బకొట్టింది ఆ పద్ధతినే. చెవిలోకి చూసి, వినికిడి కొలిచి, మనిషికి తగినట్టు మిషన్‌ను సరిచేసే పనిని ఏ కొరియర్ డబ్బా చేయలేదు. అందుకే వాళ్లు ఆ డబ్బా పట్టుకుని మీ దగ్గరికే వస్తున్నారు.

కాబట్టి వాళ్లను వెనక్కి పంపవద్దు, ఉచితంగానూ చేయవద్దు. చెవి చూడడానికి ఇంత, పూర్తి పరీక్షకు ఇంత, ఎక్కడ కొన్న మిషనైనా శుభ్రం చేసి సరిచూడడానికి ఇంత, ఇంటికి రావడానికి ఇంత అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, లోపలికి రాగానే కనబడేలా పెట్టండి. మొదటి నెల మీకే మొహమాటంగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. కొన్ని మిషన్లను వాటి కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా మార్చలేమని మీకు తెలుసు. ఆ సంగతి ఫీజు తీసుకోకముందే చెప్పండి. చవకగా వచ్చేవాటిలో చాలామటుకు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే పరికరాలే తప్ప, ఆ మనిషి ఆడియోగ్రామ్‌ను, అంటే వినికిడి కొలతల పటాన్ని, బట్టి పనిచేసేవి కావు. అటువంటిది పెట్టుకుంటే ప్రెజర్ కుక్కర్ ఈల చెవులు పగిలేలా వినపడుతుంది, మనవరాలి మాట మాత్రం అర్థం కాదు. ఈ తేడాను వాళ్ల చెవిలోనే వినిపించి చూపించండి. వాళ్లను తప్పుపట్టకండి, ఆ డబ్బు వాళ్లకు చిన్నదేమీ కాదు.

రావడం మానేసిన పాతవాళ్లకు మీరే ఫోన్ చేయండి. ముందుగా చేయాల్సిన పని ఇదేనని నా నమ్మకం. మాస్కుల కాలంలో వాళ్లు పడ్డ అవస్థ మీకు గుర్తుండే ఉంటుంది. పెదవులు కనబడలేదు, ‘స’, ‘ష’ లాంటి సన్నని ధ్వనులు గుడ్డలో అణిగిపోయాయి. ఇక నాకు ఏమీ వినపడదని మిషన్‌ను అల్మరాలో పడేసినవారు ఎందరో. అప్పటి వినికిడికి సరిపడిన అమరిక ఇప్పటి చెవికి సరిపోదు. వృద్ధాప్యంతో వచ్చే లోపం ఏటా కొంచెం కొంచెంగా పెరుగుతుంది కదా. ఫోన్‌లో వాళ్లతోనే మాట్లాడడం కష్టమైతే కోడలితోనో కొడుకుతోనో మాట్లాడి, ఆ మిషన్ ఎక్కడుందో వెతికించండి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం, వినికిడికి సంబంధించి పునరావాస సేవలు అవసరమైనవారు ప్రపంచంలో 43 కోట్లమంది. అవసరం తగ్గలేదమ్మా, వాళ్లకూ మీకూ మధ్య దారి మూసుకుపోయిందంతే.

ఇళ్లకు వెళ్లి చూడడం మంచి ఆలోచన. అయితే ఏది ఇంట్లో చేయవచ్చో ఏది చేయకూడదో గీత గీసుకోండి. చెవిలోకి చూడడం, చెవి అచ్చు తీసుకోవడం, మిషన్ శుభ్రం చేయడం, గొట్టం మార్చడం, ల్యాప్‌టాప్‌తో అమరిక సవరించడం, ఇవన్నీ హాయిగా ఇంట్లో చేయవచ్చు. పూర్తి ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష) మాత్రం కాదు. ఫ్యాను, వీధి, పక్కింటి టీవీ అన్నీ కలిసి తక్కువ పౌనఃపున్యాల దగ్గర, అంటే లోతైన ధ్వనుల దగ్గర, లేని లోపాన్ని చూపిస్తాయి. దాన్ని నమ్మి మిషన్ అమరిస్తే మీ పేరే పోతుంది. రోజూ ఊరంతా తిరగవద్దు, పెట్రోలుకే పోతుంది. గాజువాక వైపు వారంలో ఒక పూట, మధురవాడ, భీమిలి వైపు ఒక పూట అని ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంటికి వెళ్లడంవల్ల ఇంకో లాభం ఉంది. మిషన్ రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో మీ కళ్లతో చూస్తారు. మన సముద్రతీరంలో మిషన్లను తినేసేది తేమ, చెమట, ఉప్పుగాలి. స్నానాల గది అలమరలోనో, కిటికీ అంచునో పెట్టేవారికి ఎన్నిసార్లు సెట్టింగు మార్చినా ప్రయోజనం ఉండదు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూతబిగువు డబ్బాలో పెట్టడం నేర్పండి. జెల్ రంగు మారితే మార్చాలని చెప్పండి. కొత్త బ్యాటరీ మీది కాగితం ఊడదీశాక కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలని కూడా చెప్పండి. దానికి గాలే ఇంధనం. ధ్వని వచ్చే రంధ్రంలో గులిమి అడ్డుపడి మిషన్ చచ్చిపోయిందనుకునేవారు చాలామంది ఉంటారు. చిన్న బ్రష్షుతో పోయేదానికి కొత్త మిషన్ కొనేసినవారి గురించి మీరూ వినే ఉంటారు.

తుపానుల సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టుకునే మిషన్లు ఎక్కువయ్యాయి. కరెంటు పోతే రెండో రోజుకే అవి మూగబోతాయి. సరిగ్గా హెచ్చరికలు వినాల్సిన సమయంలో! ప్రతి సెప్టెంబరులో మీ రోగులందరికీ ఒక సందేశం పంపండి. ఛార్జింగ్ మిషన్ ఉన్నవారు పవర్ బ్యాంకు నింపి పెట్టుకోవాలని, బ్యాటరీ మిషన్ ఉన్నవారు కాగితం ఊడదీయని బ్యాటరీలు రెండు పట్టీలు దగ్గర ఉంచుకోవాలని, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పక్కింటివారికి తమ వినికిడి సంగతి చెప్పి ఉంచాలని. ఈ ఊళ్లో వినికిడి సేవ చేస్తున్నవారు ఆలోచించాల్సిన విషయమే ఇది. మీ పాత రోగులు మీ పేరు మరిచిపోకుండా ఉండడానికి కూడా ఇంతకంటే గౌరవమైన మార్గం లేదు.

ఫోన్‌లో వీడియో ద్వారా చూడడం, మొదటిసారి వచ్చినవారికి వద్దు. మిషన్ పెట్టుకున్నాక ఎలా ఉందో కనుక్కోవడానికి, శుభ్రం చేయడం మళ్లీ చూపించడానికి చాలు. కిటికీని వెనుక ఉంచుకుని కూర్చోకండి, వెలుగు మీ ముఖం మీద పడాలి. పక్కన ఇంట్లోవారు ఒకరు ఉండాలి. “వినబడిందా?” అని అడిగితే అందరూ తలూపుతారు. మీరు చెప్పింది తిరిగి చెప్పించుకోండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. నిన్నటిదాకా బాగున్న చెవి ఉన్నట్టుండి వినపడకపోతే, అదీ ఒకవైపే అయితే, వీడియో వద్దు, ఇంటికి వెళ్లడం వద్దు, మిషన్ అసలే వద్దు. అదే రోజు ఇ.ఎన్.టి. వైద్యుని దగ్గరికి పంపండి. కొన్ని రోజులు ఆలస్యమైతే తిరిగొచ్చే వినికిడి కూడా పోవచ్చు. చీము, నొప్పి, కళ్లు తిరగడం, ఒక చెవిలోనే పెరుగుతున్న లోపం కూడా వైద్యుడు చూడాల్సినవే. పసిపిల్లల విషయంలో “మాటలు ఆలస్యంగా వస్తాయిలే, వాళ్ల నాన్నకూ అలాగే వచ్చాయి” అనే మాట ఎక్కడ విన్నా ఆపండి. నెల రోజుల్లోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది మీరు చదువుకున్నదే.

మీ ఉత్తరంలో కనబడని ఆదాయమార్గం ఒకటుంది. మనది యంత్రాల ఊరు. ఆటోనగర్ షెడ్లు, పరవాడ కర్మాగారాలు, ఓడలు బాగుచేసే పనులు, చేపలరేవులో ఇంజన్ పడవలు. శబ్దంవల్ల వచ్చే వినికిడి లోపం కార్మిక చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధిగా ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టం కింద రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ శబ్దం హద్దుగా ఉండేది. పెద్ద సంస్థలకు సొంత ఏర్పాట్లుంటాయి. చిన్న యూనిట్ల యజమానులతో, కాంట్రాక్టర్లతో మీరు మాట్లాడండి. మీవారు కాంట్రాక్టు పనులు చేసినవారే కదా, ఎవరిని కలవాలో ఆయనకే ఎక్కువ తెలుసు. సెలవు తర్వాత రోజు ఉదయం, షిఫ్టులోకి వెళ్లకముందే పరీక్ష చేయాలని ముందే మాట్లాడుకోండి. మోతలోంచి అప్పుడే బయటికి వచ్చిన చెవి తాత్కాలికంగా మందగించి ఉంటుంది. ఆయన పని పోయిన బాధలో ఇది ఆయనకు చేతినిండా పనీ అవుతుంది, మీ ఇద్దరి మధ్య ‘మూసేయ్, మూయను’ అనే వాదనా కొంత తగ్గుతుంది.

కొనలేనివారి విషయంలో బరువంతా మీరే మోయకండి. పెదవాల్తేరులో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద అర్హులకు మిషన్లు ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందగించినవారుగా, 70 అంతకంటే ఎక్కువ ఉంటే బధిరులుగా గుర్తిస్తారు. ఆ స్థాయి లోపం ఉండి, పేదవారైతే, ధ్రువపత్రానికి ఎలా దరఖాస్తు చేయాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చి పంపండి. 45, 50 డెసిబెల్స్ లోపం దగ్గర ఉన్నవారికి చట్టంలో చోటు లేదు, జేబులో డబ్బు లేదు. మీ సంఘం సాయం అవసరమైనది వీళ్లకే.

అలా సంఘం దగ్గరికి వచ్చాం. ఆరాధన అయ్యాక సంఘంలోనే పరీక్షలు చేస్తున్నానన్నారు. దయచేసి అది ఆపేయండి. పిల్లల అరుపులు, కుర్చీలు జరపడం, భోజనాల హడావిడి మధ్య వచ్చే ఆడియోగ్రామ్‌ను మీరే నమ్మకూడదు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో చెవిటివాణ్ని తన దగ్గరికి తీసుకువచ్చినప్పుడు యేసు మొదట చేసిందేమిటి? అతన్ని గుంపులోంచి ఏకాంతంగా పక్కకు తీసుకువెళ్లాడు. అతని చెవులను ముట్టాడు. ఆకాశంవైపు చూసి నిట్టూర్చాడు. బాగుచేయబోతూ కూడా ప్రభువు నిట్టూర్చాడంటే, ఆ వాక్యం వింటే మీకు వచ్చే ఏడుపు అవిశ్వాసమని మీకు ఎవరు చెప్పారు?

ఆదివారం సంఘంలో చెవి చూడండి, నాలుగు ప్రశ్నలు అడగండి, పరీక్ష అవసరమైనవారిని క్లినిక్‌కు రమ్మనండి. అక్కడ ఫీజు తీసుకోండి. తప్పు కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడన్నది ప్రభువు మాటే. ఇవ్వలేనివారి ఫీజుకు ఒక చిన్న నిధి పెట్టమని సంఘ పెద్దలను అడగండి. ఆ డబ్బు వాళ్ల చేతిలో, వాళ్ల లెక్కలో ఉండాలి. ఎవరికి ఇవ్వాలో కూడా వాళ్లే నిర్ణయించాలి. ఆదివారం చూసినవారికి అదే రోజు మిషన్ మాత్రం అమ్మకండి. ఇంటికి వెళ్లి ఆలోచించుకునే వీలు వాళ్లకు ఉండాలి.

పాస్టర్ గారినీ ఒకటి అడగండి. ముందు వరుసలో కూర్చునే ముసలమ్మలకు ప్రసంగం అందుతోందా? స్పీకర్ల శబ్దం పెంచితే వాళ్లకు ఇంకా గందరగోళంగా ఉంటుంది. మైకు నోటికి దగ్గరగా ఉండాలి, కానీ పెదవులు కనబడాలి. ప్రసంగాంశం, వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద ముద్రించి ముందే పంచితే, వినపడని వాళ్లు కూడా వెంట వస్తారు. మీకోసం ప్రార్థించే సంఘం మీ వృత్తినుంచి ఈమాత్రం నేర్చుకోవచ్చు.

ఇక గడువు పెట్టుకోండి. వచ్చే ఈస్టరు దాకా అనుకుందాం. ఈలోగా రెండో గది వదిలేసి అద్దె తగ్గించుకోండి, శబ్దనిరోధక గది ఉన్నది మాత్రం ఉంచుకోండి. ప్రతి నెలా చివరి శనివారం మీరిద్దరూ లెక్క చూడండి. ఈస్టరు నాటికి చేతిపని ఆదాయం అద్దెనూ ఆ అమ్మాయి జీతాన్నీ మోయలేకపోతే మూసేయండి, తలదించుకోకుండా. అప్పుడు ప్రతి రోగికీ అతని ఆడియోగ్రాములు, మిషన్ వివరాలు, ఇప్పటి అమరిక కాపీ తీసి ఇచ్చి, ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసి పంపాలి. యిర్మీయా క్రయపత్రాన్ని కుండలో పెట్టించింది తరువాత వచ్చేవారికి పనికిరావాలనే కదా.

ఆ అమ్మాయితో మాత్రం ఈస్టరు దాకా ఆగకుండా ఈ వారమే మాట్లాడండి. పరిస్థితి ఇది, గడువు ఇది, ఈలోగా వేరే పని చూసుకున్నా నేనేమీ అనుకోను అని చెప్పండి. జీతం ఆలస్యమయ్యే నెల ముందుగానే తెలియడం ఆమె హక్కు.

ఉద్యోగానికి పిలిచిన ఆసుపత్రికి ఇప్పుడే అవుననో కాదనో చెప్పకండి. వారానికి మూడు రోజులు మాత్రం రావచ్చా అని అడగండి. చాలా ఆసుపత్రులకు రోజంతా ఆడియాలజిస్టు అవసరం ఉండదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు అక్కడ, మంగళ, గురువారాలు క్లినిక్‌లో, శనివారం ఉదయం గాజువాక, సాయంత్రం భీమిలి వైపు. ఫ్యాక్టరీల వాళ్లతో మాట్లాడే పని మీవారికి అప్పగించండి. ఆరునెలల తర్వాత లెక్కలతో సహా మళ్లీ నాకు రాయండి, చూస్తాను.